ఫజిలత్ ఇంట్లో రెయిడ్

బూర్గంపాడులో లోకల్ కేబుల్ ఛానల్ నడిపేది ఫజిలత్. స్తంభాలెక్కి వైర్లు లాగేది ఆమె మొగుడు ముక్తార్. ఊళ్లో అందరూ ముక్తార్ ఛానల్ అనే అంటారు. బొమ్మ ఆగిపోయినప్పుడు తిట్టాల్సి వస్తే మాత్రం అది ఫజిలత్‌ది. మేడమీది గదిలో ఒక్క కంప్యూటర్ పెట్టుకుని సినిమాలు, పుట్టినరోజు ఫొటోలు, గోదావరి నీటిమట్టం, తప్పిపోయిన బర్రెల కబుర్లు అన్నీ ఆమే వేసేది.

ఆ కంప్యూటర్ డిస్కు ముసలి మేకలా దగ్గడం మొదలుపెట్టింది. కొత్తది వేసి సిస్టం మళ్లీ ఎక్కించమన్నాడు ముక్తార్. ఫజిలత్ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి పోపులడబ్బాలా సర్దుకున్న సిస్టం అది; ఏ పాట వెనక ఏ ప్రకటన రావాలో దానికి తెలుసు. కొత్తగా ఎక్కిస్తే మళ్లీ ఓనమాల నుంచి నేర్పాలి. అందుకే ఉన్నదాన్ని ఉన్నట్టే లేపి, రెండు కొత్త డిస్కుల జంట మీదికి మార్చాలనుకుంది. ఒకదాంట్లో రాసిందల్లా అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది బండి లాగిస్తుంది. ఆ ఏర్పాటునే రెయిడ్ అంటారు.

ఆదివారం మధ్యాహ్నం ఛానల్ ఆపి పని మొదలుపెట్టింది. వెంటనే ఫోన్ మోగింది. బస్టాండు దగ్గర టీకొట్టు నాగక్క.

"ఏందిరా ముక్తారూ, హీరోను చెట్టుకు కట్టేసిన్రు, గప్పుడే టీవీ బంద్ జేస్తరా?"

"ఇంట్ల రెయిడ్ నడుస్తుంది నాగక్కా, పొద్దుగూకేదాకా ఆగు" అని ఫోన్ పెట్టేసి, తెగిన వైరేదో చూడడానికి ముక్తార్ వెళ్లిపోయాడు.

పైన ఫజిలత్ సిస్టం మొత్తం కాపీ చేసింది, పాత డిస్కు తీసి పక్కన పెట్టింది, స్విచ్ వేసింది. నల్లతెర. డిస్కు కనబడడం లేదని ఒక ముక్క రాసి కంప్యూటర్ చేతులెత్తేసింది.

"కొత్తింటికి తెచ్చి దించితే గడప కనబడ్తలేదంటవా, దరిద్రపుదానా!" అని దాన్ని తిట్టింది. కాసేపాగి తనను తాను తిట్టుకుంది. సామానంతా మార్చింది గానీ, అన్నిటికన్నా ముందు నిద్రలేచే భాగానికి జంట డిస్కుల సంగతే చెప్పలేదు. అదింకా పాత చిరునామాలోనే తలుపు కొడుతోంది. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి, చిరునామా మార్చి, ఆ భాగాన్ని మళ్లీ తయారుచేసి రెండు డిస్కుల మీదా పెట్టింది. ఈసారి ఏమీ ఎరగనట్టు లేచింది. ఫజిలత్ అల్హమ్దులిల్లా అనుకుని టీ పెట్టుకోవడానికి కిందికి దిగింది.

ఈలోగా నాగక్క టీకొట్టులో రెయిడ్‌కు కాళ్లొచ్చాయి. వంతెన దాటి భద్రాచలం చేరేసరికి దానికి పోలీసు జీపులు కూడా తోడయ్యాయి. స్తంభం మీదున్న ముక్తార్‌ను చూసి, దారినపోయే లైన్‌మన్ రూప్‌సింగ్ బండాపి అరిచాడు.

"అన్నా, దొంగ సినిమాల కేసంట! మీ ఇంటి మీద పోలీసులు పడ్డరంట!"

రెయిడంటే డిస్కులేనని ముక్తార్‌కు తెలుసు. కానీ ఊరంతా ఒకటి చెబుతుంటే తనకు తెలిసిందాన్ని నమ్మేంత గర్విష్ఠి కాడతను. పడుతూ లేస్తూ ఇంటికొచ్చి, వాకిట్లో జీపులు కనబడకపోయేసరికి ఇంకా దారిలో ఉన్నాయనుకుని, మేడెక్కి, సినిమాల ఫోల్డర్ మొత్తం తుడిచేశాడు.

టీ గ్లాసుతో పైకొచ్చిన ఫజిలత్‌కు తెర మీద ఖాళీ ఫోల్డర్ కనబడింది.

"ఏం జేసినవ్ జీ?"

"జల్దీ అన్నీ తీసేసిన. ఫికర్ చెయ్యకు, రెండో డిస్కుల ఉంటయి గదా."

"నువ్వు అద్దం ముంగట మీసం గీక్కుంటే, అద్దంల ఉన్నోనికి మిగుల్తదా?"

ముక్తార్ మీసం తడుముకున్నాడు.

దిక్కులేక పాత డిస్కునే మళ్లీ తగిలించింది. అది దగ్గుతూ దగ్గుతూ కొన్ని సినిమాలు కక్కి, నాగక్క చూస్తున్న సినిమా సగం కాపీ అయ్యేసరికి ప్రాణం వదిలింది. ఛానల్ మొదలెట్టారు. చెట్టుకు కట్టేసిన హీరో తెర మీద అలాగే బిగుసుకుపోయాడు. ఫోన్లు ఆగకుండా మోగాయి.

ఫజిలత్ మైకు లాక్కుంది. "ఇగ నేనే చెప్త, వినున్రి" అని హీరో కట్లు తెంపించింది, విలన్‌ను బురదలో దొర్లించింది. సినిమాలో చచ్చిపోయే తల్లిని మాత్రం, తనకు నచ్చక, బతికించేసింది.

నాగక్క మళ్లీ ఫోన్ చేసింది. "బిడ్డా, గిదే మస్తుగున్నది. ఆ విలన్‌గానికి ఇంకో రెండేయించరాదు?"

ఫజిలత్ వేయించింది.