ఎలీషా మాస్టారి డిక్కీ

ఎలీషా మాస్టారి కారులోకి ఒకసారి ఎక్కిన వస్తువు మళ్లీ దిగదు. మనుషులు దిగుతారు. అదీ బయటనుంచి ఎవరైనా చెయ్యందిస్తేనే.

ఆమదాలవలస హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన ఎలీషాకి ఒక పాత మారుతి కారుంది. దాని రంగు తెలుపని ఆయన చెబితేనే తెలుస్తుంది. ముందు సీటు కింద గొడుగులు, టార్చిలైటు, ఫ్లాస్కు. డాష్‌బోర్డు మీద కీర్తనల పుస్తకం, జలుబు మాత్రలు, సగం తిన్న బిస్కట్ల పొట్లం. వెనక సీటులో మడత కుర్చీ, దాని మీద దిండు, దిండు మీద దోమతెర. డిక్కీ సంగతి ఆ దేవుడికే తెలియాలి. అందులో అన్నీ మూతికట్టిన సంచులూ, గుడ్డమూటలూ.

హారను ఎప్పుడో మూగబోయింది. దాని బదులు మాస్టారు మెడలోని ఈల ఊదుతారు. ఆ ఈల వినపడగానే ఆయన పాత శిష్యులు, బట్టతలలు వచ్చినవాళ్లు సైతం, ఎక్కడివాళ్లక్కడ కాళ్లు దగ్గరపెట్టి నిటారుగా నిలబడిపోతారు. అంచేత ఆయన ఈల వేస్తే దారి ఇవ్వాల్సినవాళ్లే దారికి అడ్డం.

ఆయన భార్య స్వర్ణ ఇంట్లో చెంచా కూడా దాని చోటు దాటి జరగడానికి వీల్లేదు. అలాంటి మనిషికి ఇలాంటి కారు.

"ఆ సంచిలో ఏటుందండీ?"

"ఏదో ఉన్నాది."

"ఏదో అయితే తీసి పడీయొచ్చు కదా?"

"ఉండనీ స్వర్ణా. దానికేటి తిండి పెట్టాలా, తలంటు పొయ్యాలా?"

ఏ సంచి గురించి అడిగినా ఇదే జవాబు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన ఆమెకు అబద్ధం చెప్పింది లేదు. కానీ డిక్కీ గురించి నిజం చెప్పిందీ లేదు.

ఒకసారి శ్రీకాకుళం రోడ్డులో పోలీసులు కారాపి డిక్కీ తియ్యమన్నారు. మాస్టారు వినయంగా తీశారు. తీయడం తేలికే అయింది. మూయడానికి మాత్రం ఎస్సై గారూ, ఇద్దరు కానిస్టేబుళ్లూ కలిసి దాని మీద కూర్చోవలసి వచ్చింది. మరెప్పుడూ వాళ్లు ఆ కారుని ఆపలేదు. దూరాన్నుంచే చెయ్యూపి పొమ్మనేవాళ్లు.

ఇంకోసారి కోటబొమ్మాళి దగ్గర టైరు పంక్చరైంది. స్టెప్నీ అన్నిటికన్నా అడుగున ఉంటుంది కదా. సామానంతా రోడ్డు పక్కన దించేసరికి ఊళ్లో ఆడవాళ్లు సంతనుకుని మూగారు. ఒకావిడ దిండు నొక్కి చూసి, "ఇందులో బూరుగుదూదేనా బాబూ?" అని అడిగింది. ఇంకొకామె మడత కుర్చీలో కూర్చుని లేవనంది. స్వర్ణ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డుకి అటువైపు తిరిగి నిలబడింది, ఈ దుకాణానికీ తనకీ సంబంధం లేనట్టు.

ఇవన్నీ స్వర్ణ భరించింది. భరించలేనిది స్త్రీల సమాజం సభ రోజున జరిగింది.

ఆ ఏడు స్వర్ణ తమ బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు అయింది. సభలో మాట్లాడడానికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దావిడ రైల్లో వచ్చారు. గంజిపెట్టిన తెల్ల చీర, బంగారు అంచు కళ్లద్దాలు. ఆవిణ్ణి స్టేషను నుంచి మాస్టారి కారులోనే తీసుకురావాలి. ఆవిడ వెనక సీటులో దోమతెరకీ మడత కుర్చీకీ మధ్య ఇరుక్కుని, దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మాస్టారు బ్రేకు వేసినప్పుడల్లా డిక్కీలోంచి ఘల్లుమని చప్పుడొచ్చేది. ఆవిడ దిండుని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. మలుపులో మళ్లీ ఘల్లుమనేసరికి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. కారు ఆగేదాకా ఆమెన్ అనలేదు.

సభలో ఆవిడ చెప్పాల్సింది సహనం గురించి. చెప్పింది మాత్రం పొందికైన గృహం గురించి. చెప్పినంతసేపూ చూసింది స్వర్ణ వైపు.

"ఆ కారు సంగతి నాను తేల్సీస్తాను," అనుకుంది స్వర్ణ.

మంగళవారం అవకాశం దొరికింది. కంటి డాక్టరు కళ్లల్లో చుక్కల మందు వేస్తాడని, తిరిగి వచ్చేటప్పుడు కారు నడపడం కుదరదని మాస్టారు బస్సులో శ్రీకాకుళం వెళ్లారు. బస్సు మలుపు తిరగ్గానే స్వర్ణ కొంగు బిగించింది. మడత కుర్చీ, దిండు, దోమతెర ఇంట్లోకి వెళ్లాయి. డిక్కీలోని సంచులూ మూటలూ గుమ్మం ముందు గుట్టయ్యాయి. ముడులు ఎంత గట్టిగా ఉన్నాయంటే విప్పి చూసే ఓపిక ఆమెకు లేకపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలోకి ట్రాలీ ఆటో వచ్చింది, మైకులో అరుచుకుంటూ: "పాత ఇనుము, పాత ప్లాస్టిక్కు, పాత సామాన్లకి ఉల్లిపాయలిస్తాం!"

ఆటోవాడు గుట్టని చూసి తెల్లబోయాడు. "ఇదంతా ఒక్క కారులోదేనేటమ్మా? కొట్టు మూసీస్తన్నారనుకున్నాను!"

సంచులు వెళ్లాయి, ఉల్లిపాయలు వచ్చాయి. స్వర్ణ కారుని తడిగుడ్డతో తుడిచి, గుమ్మంలో కూర్చుని దాన్ని చూసుకుంటూ కాఫీ తాగింది. ఆ కాఫీకి అంత రుచి ఎప్పుడూ లేదు.

గ్లాసు కింద పెట్టకుండానే చేపల బుట్టతో తవిటమ్మ వచ్చింది. రోజూ వీధిలో చేపలమ్మే మనిషే. ఆమె కారు ముందు ఆగి తల పక్కకు వంచి చూసింది.

"కారేటమ్మా ఇంత ఎత్తెదిగిపోనాది?"

"బరువు దిగింది తవిటమ్మా. సామానంతా ఇచ్చీసినాను."

తవిటమ్మ బుట్ట నేల మీద దించేసింది. "ఎర్ర బోర్డొకటి ఉండాల. పలకంత ఉంటాది. అదీ ఇచ్చీసినావేటి తల్లీ?"

"అది నీకెందుకు?"

తవిటమ్మ వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవలితోనీ అనకు. కారు నేర్సుకుంటన్నాను. తెల్లారగట్ల మార్కెట్టు యార్డులో మేస్టారు నేర్పతన్నారు. గుడ్డిగవ్వ పుచ్చుకోలేదు. మా ఇంట్లో తెలిస్తే బుట్టెత్తుకునేదానికి స్టీరింగేటని నవ్వుతారు. నేర్సీసుకుని సేపల వ్యాను నానే తోలుకొస్తే, అప్పుడు నవ్వమను!"

స్వర్ణ గ్లాసు కింద పెట్టేసింది. ఆమె జవాబిచ్చేలోగా, సామాను బండెక్కిందని వీధిలో విని మాంసం కొట్టు పోతురాజు వచ్చాడు. నిలువెత్తు మనిషి. మీసం చూస్తే మేకే కాదు, బేరమాడేవాళ్లు కూడా బెదురుతారు. ఖాళీ డిక్కీ చూసి ఆ మీసం కిందికి వాలిపోయింది.

"అమ్మగారూ... నీలం సంచి..."

"అందులో ఏటుంది పోతురాజూ?"

"ఊలండీ." ఆ గొంతు పిల్లి గొంతులా వచ్చింది. "మా అమ్మాయికి నెలలు నిండతన్నాయి. మనవడికి స్వెట్టరల్లుతన్నాను. కొట్లో సూస్తే జనం ఏటనుకుంటారు?"

"ఈ ఎండల్లో స్వెట్టరేటయ్యా!" అంది తవిటమ్మ.

"నాకు స్వెట్టరే వొచ్చు. నానేటి సేసీది?"

మూడోవాడు వెంకటరావు షావుకారు. పప్పుల హోల్‌సేలు వ్యాపారం, ముందు పొట్ట వచ్చి ఆ తర్వాత మనిషి వచ్చే రకం. మిగతా ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "సెల్లెమ్మా, మాస్టారి దగ్గర మాదొక ఇత్తడి సామాను..." అని నసిగాడు. ఏ సామానో చెప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడే వీధి చివర ఆటో దిగి మాస్టారు వచ్చారు. కళ్లకి నల్లద్దాలు, నడకలో తడబాటు. మందు వల్ల మనుషులు మసకగా కనపడుతున్నారేమో, వెంకటరావు భుజం తట్టి "ఏటి పోతురాజూ, బాగున్నావా?" అన్నారు. సంగతి తెలిశాక అరుగు మీద చతికిలబడ్డారు. స్వర్ణ తిట్లకు సిద్ధపడింది. ఆయన తిట్టలేదు.

"బండి ఎటెల్లింది?" అన్నారంతే.

దూరంగా రైల్వే గేటు వైపునుంచి మైకు వినపడుతోంది: "పాత సామాన్లకి ఉల్లిపాయలిస్తాం!"

"బేగి ఎక్కండి!" అని మాస్టారు తాళం తీసి ఆగిపోయారు. ఆయనకి కారు తలుపే రెండుగా కనపడుతోంది. ఏ తలుపు తియ్యాలో తేలక గాలిలో చెయ్యాడించారు.

"తప్పుకోండి మేస్టారూ," అంది తవిటమ్మ, చీర ఎగదోపి. "నాను తోల్తాను."

"ఎర్ర 'ఎల్' బోర్డు లేకండా నువ్వు నడపకూడదమ్మా."

"బోర్డు ఆ బండిలోనే ఉన్నాది. దాన్ని పట్టుకుంటే అతికించీవొచ్చు!"

మాస్టారు తాళం ఆమె చేతిలో పెట్టారు. తవిటమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన మాస్టారు ఈల పట్టుకుని. వెనక పోతురాజు, వెంకటరావు, ఇద్దరి మధ్యా ఉల్లిపాయల బుట్టతో స్వర్ణ. ఖాళీ అయిన కారు ఆ పూటే మళ్లీ నిండిపోయింది.

"క్లచ్చి తల్లీ, క్లచ్చి!"

"నొక్కినాను మేస్టారూ!"

"అది బ్రేకు!"

"అదీ నొక్కుతాను, ఆగండి!"

కారు కప్పలా ఓ గెంతు గెంతి, తర్వాత చేపలా సాగింది. మాస్టారు ఈల ఊదారు. దారి పొడుగునా పాత శిష్యులు ఎక్కడివాళ్లక్కడ కాళ్లు దగ్గరపెట్టి నిలబడిపోయారు. తవిటమ్మ వాళ్ల మధ్యనుంచి వంకర్లు తిప్పుతూ పోనిచ్చింది. వెనక వెంకటరావు వెంకన్నకి మొక్కుతున్నాడు. స్వర్ణ యేసుకి మొరపెడుతోంది. పోతురాజు ఇద్దరి దేవుళ్లకీ దణ్ణం పెట్టేశాడు.

వాళ్ల అదృష్టం, రైల్వే గేటు పడింది. ఉల్లిపాయల ఆటో దాని ముందే ఆగి ఉంది.

ఆటోవాడు దొంగలనుకుని మొదట పారిపోబోయాడు. స్వర్ణ బుట్ట ముందుకు తోసి, "బాబూ, నీ ఉల్లిపాయలు నువ్వు తీసుకో, మా సామాను మాకిచ్చీ," అని బతిమాలింది. పోతురాజు ఆత్రంగా సంచులు లాగుతుంటే ఒకదాని మూతి ఊడి, లోపలివి రోడ్డు మీద పడ్డాయి.

ఘల్లుమన్నాయి.

గేటు దగ్గర ఆగిన లారీలవాళ్లూ, బళ్లవాళ్లూ అందరూ తిరిగి చూశారు. రోడ్డు మీద రెండు గజ్జెల పట్టీలు. వాటి ముందు వెంకటరావు షావుకారు, తల వంచుకుని.

"జీడితోటలో పొద్దున్నే కూచిపూడి నేర్సుకుంటన్నాను," అన్నాడు నేలతో చెబుతున్నట్టు. "ఫోన్లో సూసి. మా ఆవిడ కమలాదేవికి వాకింగని సెప్పినాను. చిన్నప్పట్నుంచీ సరదా."

ఎవరో లారీ మీంచి కిసుక్కుమన్నారు. వెంటనే పోతురాజు నీలం సంచి విప్పి, సగం అల్లిన చిట్టి స్వెట్టరు తీసి, తన మీసం పక్కన ఎత్తి పట్టుకున్నాడు.

"నవ్వితే దీన్ని సూసి కూడా నవ్వండర్రా!"

లారీ మీది నవ్వు ఆగిపోయింది. ఆ మీసం ముందు నవ్వే ధైర్యం ఎవరికుంటుంది? నవ్వింది వెంకటరావే. పొట్ట కదిలేలా నవ్వాడు. తవిటమ్మ ఎర్ర బోర్డుని కారు ముందద్దానికి అతికించి, "ఇప్పుడు సట్టం పెకారం ఎల్దాం, ఎక్కండి," అంది.

ఇంటికొచ్చి అందరూ వెళ్లాక స్వర్ణ అరుగు మీద మాస్టారి పక్కన కూర్చుంది.

"నాకేల సెప్పలేదండీ?"

"ఎవులికీ సెప్పొద్దన్నారు స్వర్ణా. ఇరుకు కొంపలు, పదిమంది కళ్లు. సరదా ఒకటి దాసుకోడానికి అరైనా ఉండదు. కారుకి ఖాళీయే కదా అనుకున్నాను."

"ఏటేటున్నాయో మీరు సూసినారా?"

"నాను విప్పలేదు. ఆల్లు సెప్తే విన్నాను, సెప్పకపోతే నేదు."

స్వర్ణ లేచి వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. కాగితం పొట్లంతో వచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"దీన్ని కూడా డిక్కీలో ఎట్టండి."

ఆయన సరేనని లేచారు.

"ఏటని అడగరేటి?"

"అడగను కదా."

"అడగండీ!" అంది స్వర్ణ ఉక్రోషంగా.

"సరే. ఏటిది?"

"జీన్సు ప్యాంటు." ఆమె మొహం కందిపోయింది. "విజీనారంలో కొన్నాను. ఒక్కసారైనా ఏసుకోవాలని. స్త్రీల సమాజం ప్రెసిడెంటు ప్యాంటేసిందని పాస్టరమ్మగారికి తెలిస్తే ఇంకేటన్నా ఉందా?"

ఎలీషా మాస్టారు నవ్వలేదు. పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, "శనివారం కళింగపట్నం ఎల్దాం," అన్నారు. "సముద్రం దగ్గర మనల్ని ఎరిగినోల్లుండరు."

శనివారం సాయంత్రం కళింగపట్నం ఇసకలో స్వర్ణ జీన్సు ప్యాంటు వేసుకుని, పైన పొడుగాటి జుబ్బాతో నడిచింది. మొదట దొంగలా నడిచింది. అల వచ్చి కాళ్లు తడిపాక చిన్నపిల్లలా నడిచింది. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి మాస్టారి మీద నీళ్లు కూడా చిమ్మింది. నవ్వుతూ స్వర్ణ తిరిగి చూసేసరికి ఎదురుగా సాక్షాత్తూ పాస్టరమ్మగారు, ఆవిడ అక్కగారి కుటుంబంతో.

స్వర్ణ మాస్టారి వెనక దాక్కుంది. ఆయనది బక్కప్రాణం. దాచగలిగింది కాస్తే.

"వందనాలమ్మా స్వర్ణా," అన్నారు పాస్టరమ్మగారు. ప్యాంటుని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశారు. తర్వాత మాస్టారిని నాలుగడుగులు పక్కకి తీసుకెళ్లారు. అయిపోయింది, ప్రెసిడెంటు పదవి అలల్లో కలిసిపోయిందనుకుని స్వర్ణ చెవులు రిక్కించింది.

"అన్నయ్యా," అంటున్నారావిడ, బాగా గొంతు తగ్గించి, "మీ డిక్కీలో ఒక చిన్న సంచి పట్టేంత సోటుంటాదేటి?"

మాస్టారు నోరు తెరిచేలోపే స్వర్ణ మాస్టారి వెనకనుంచి ఇవతలికి వచ్చేసింది.

"ఎందుకుండదండీ?" అంది. "మొన్ననే సర్దినాను."