గుయ్ శబ్దం కింద బావ మాట

దెయ్యాలున్నాయని నేను ఏ రోజూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక వీడికి మతి చలించింది అనుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. పద్దెనిమిదేళ్ళుగా శ్రీకాకుళంలో ల్యాప్‌టాప్‌లు బాగు చేస్తున్నాను. తనంతట తానే ఆన్ అయిపోతోందనీ, లోపల ఎవరో మూలుగుతున్నారనీ చెప్పి మెషిన్లు పట్టుకొచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. విప్పితే ఒకదానిలో బల్లి గుడ్లు, ఇంకోదానిలో అరిగిపోయిన ఫ్యాను. ప్రతి శబ్దానికీ ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే నా బతుకుతెరువు.

ఒక్క శబ్దం విషయంలోనే నా లెక్క తప్పింది. అది మా బావ ల్యాప్‌టాప్‌లోది.

బావంటే మా అక్క రత్నం భర్త. పాతపట్నంలో సైన్సు మాస్టారు. మాది తాతల నాటి నుంచీ బాప్టిస్టు సంఘం. బావ మా సంఘంలో పాటలు నడిపించేవాడు. గొంతు గొప్పదేమీ కాదు, కాస్త బొంగురు. కానీ ఆయన ఎత్తుకుంటే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా లేచి పాడేవారు.

ఆయనకి ఒక పని ఉండేది, ఎవరూ అప్పగించనిది. గుడికి రాలేక మంచం పట్టిన ముసలివాళ్ళు ఆరుగురు ఉండేవారు. వాళ్ళందరి దగ్గరా మెమరీ కార్డు పెట్టుకునే చిన్న రేడియోలు ఉన్నాయి. ప్రతి శనివారం మధ్యాహ్నం బావ హార్మోనియం ముందేసుకుని, ల్యాప్‌టాప్‌లో ఆ వారం పాటలు రికార్డు చేసి, ఆదివారం ఆరాధన అవగానే సైకిలు మీద తిరిగి ఆరు కార్డులూ ఆరిళ్ళలో ఇచ్చి వచ్చేవాడు. పాత కార్డులు వెనక్కి తెచ్చుకునేవాడు. వాళ్ళ కూతురు కెజియా ఎచ్చెర్లలో చదువుతోంది. హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో తండ్రితో కలిసి పాడేది. అందుకని రికార్డింగ్ అయ్యేంతసేపూ నెట్ ఆన్‌లోనే ఉండాలి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, గొడవంతా ఆ నెట్ దగ్గరే.

బావ పోవడానికి ఎనిమిది నెలల ముందు ఆ ల్యాప్‌టాప్ హింజ్ విరిగింది. అంటే మూతని పట్టి ఉంచే మడతబందు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనే మార్చాను. ఆ రోజు టెక్కలిలో స్నేహితుడి పెళ్ళి ఉంది, బస్సు తప్పిపోతుందని కంగారు. చకచకా మార్చేసి, మూత బిగించేసి పరుగెత్తాను. తర్వాత రెండు వారాలకి బావ ఫోన్ చేశాడు.

"ఒరే శామేలూ, పాట రికార్డు సేస్తంటే గుయ్‌మని ఒకటి వస్తాదిరా. తేనెటీగలు దూరినట్టు. ఒకసారి వచ్చి సూడు."

వినగానే నాకు అర్థమైపోయింది. ల్యాప్‌టాప్ మూతలో వై-ఫై యాంటెన్నా వైర్లు, మైకు వైరు పక్కపక్కనే దిగుతాయి. వాటిని మూత లోపలి అంచున ఉండే వేరువేరు కాలవల్లో నడపాలి, మధ్యలో రేకు టేపు అంటించాలి. కంగారులో ఒకదానిమీద ఒకటి వేసి మూసేసి ఉంటాను. అప్పుడు నెట్ నడిచినప్పుడల్లా ఆ అలజడి మైకులోకి దిగుతుంది. గంట పని.

ఆ గంట నాకు ఎనిమిది నెలలు దొరకలేదు. బయటివాళ్ళ మెషిన్ సాయంత్రానికల్లా ఇచ్చేసేవాణ్ణి. ఇంటివాళ్ళది కదా, ఎక్కడికి పోతుంది అని బావది వచ్చే వారానికి తోసేసేవాణ్ణి. అసలు సంగతి అది కూడా కాదు. తప్పు నాదని ఒప్పుకోవడానికి సిగ్గు. వెళ్ళి విప్పితే ఆయన పక్కనే కూర్చుని చూస్తాడు. సైన్సు మాస్టారు, ఇట్టే పట్టేస్తాడు.

బావ ఆ గుయ్‌తోనే కాపురం చేశాడు. అది పెరిగితే పాట ఆపి, తగ్గేదాకా ఆగి, మళ్ళీ అందుకునేవాడు. మంచంలో ఉన్న రూతమ్మగారు ఒకసారి నాతో, "మా మాస్టారు మద్దిలో ఆగుతాడు బాబూ, ఆ ఆగినప్పుడు నానూ కాసింత ఊపిరి తీసుకుంతాను" అంది. ఆమె మెచ్చుకుంటోంది. నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది.

ఆఖరికి ఒక ఆదివారం తప్పకుండా వస్తానని మాటిచ్చాను. వెళ్ళలేదు. సోమవారం పొద్దున్న పెరట్లో నీళ్ళు తోడుతూ బావ కూలబడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. యాభై ఒక్కేళ్ళు.

భూస్థాపన అయ్యాక పది రోజులకి అక్క నన్ను పిలిచి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. పోయే ముందు శనివారం రికార్డింగ్ పెట్టింది. ఆ రోజు కెజియాకి పరీక్ష, కాల్‌లోకి రాలేదు. అయినా బావ కాల్ కలిపే ఉంచాడు, మధ్యలో వస్తుందేమోనని. అందుకే గుయ్ ఆ రోజూ ఉంది, మరీ ఎక్కువగా. మూడు పాటలు అయ్యాయి. చివర రికార్డింగ్ ఆపకుండా ఆయన ఏదో చెబుతున్నాడు. ఏ మాటో తెలియదు, మాట ఉన్నట్టు తెలుస్తోంది అంతే. పైనంతా గుయ్. ఆ తర్వాత దూరంగా అక్క గొంతు, "ఆఁ, సరే."

అక్క తెర వైపు చూస్తూ చెప్పింది. "వంటింట్లో సేపలేయిస్తన్నాన్రా. ఆయనేదో పిలిసి సెప్పినాడు. నూనె సిటపటలో నాకు ఇనబడనేదు. ఏటన్నాడో ఇనకుండానే సరే అనీసినాను. మళ్ళీ అడుగుదునులే అనుకున్నాను, మర్సిపోనాను. నాకేటి తెల్సు, సోమవారానికి మనిషే ఉండడని? ఆ మాటేటో ఒక్కటి ఇనిపించరా. నువ్వు ఇంకేటీ సెయ్యొద్దు నాకు."

ఇరవయ్యేళ్ళ కాపురం. ఆఖర్న ఆయన చెప్పింది వినకుండా సరే అన్నానన్న బాధ ఆమెని తినేస్తోంది. అన్నం ముందు కూర్చుని లేచిపోతోందని కెజియా చెప్పింది.

ఆ ఫైలు నా షాపుకి తెచ్చుకున్నాను. నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. విశాఖలో సౌండు పని చేసే ఒకాయనకీ పంపాను. గుయ్‌ని తగ్గిస్తే దానితోపాటు బావ కూడా పోతున్నాడు. గుయ్, గొంతు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బియ్యంలో రాళ్ళయితే ఏరొచ్చు గానీ పాలల్లో నీళ్ళు ఎలా ఏరతాం? కుదరదక్కా అని ఫోన్‌లో చెప్పేశాను.

అక్క అంది, "సరే, గుయ్యి అన్నా బాగుసెయ్. కెజియా పాడతానంటన్నాది. మంచాల్లో ఉన్నోళ్ళు కార్డుల కోసం కబురెడతన్నారు."

ఆ శనివారం మధ్యాహ్నం పాతపట్నం వెళ్ళాను. బావ కూర్చునే బల్ల మీదే విప్పాను. అక్క ఎదురుగా కూర్చుంది. అడుగు మూతకి రెండు స్క్రూలు లేవు. పై మూత తీస్తే నేను అనుకున్నదే. నల్ల యాంటెన్నా వైరు మైకు వైరు మీదుగా అడ్డంగా పోయి, హింజ్ దగ్గర నలిగి, పైపొర చిట్లి ఉంది. రేకు టేపు లేనే లేదు. అది నా చేతి పనే. నా పని నేను గుర్తుపట్టలేనా?

"ఏటైనాదిరా దానికి?" అంది అక్క.

"పాతదైపోయిందక్కా. వైర్లు వాటంతటవే జారిపోతాయి" అన్నాను. దేవుడి వాక్యం గోడ మీద ఉంది, బావ ఫోటో దాని కింద ఉంది. వాటి ఎదురుగానే అబద్ధం ఆడాను.

కొత్త యాంటెన్నా వైరు వేసి, మైకు వైరుకి దూరంగా అవతలి కాలవలో నడిపాను. రేకు టేపు అంటించి, వేలుతో నొక్కి, మళ్ళీ నొక్కాను. మూసి, నెట్ పెట్టి, నా గొంతే రికార్డు చేసి విన్నాను. ఎక్కడా గుయ్ లేదు.

"ఇప్పుడది పెట్టు" అంది అక్క.

‘అది’ అంటే ఏదో నాకు తెలుసు. ఓపిగ్గా చెప్పాను. అక్కా, నేను బాగు చేసింది మైకుని, ఇక మీదట రికార్డయ్యేవి బాగుంటాయి, అయిపోయినదాంట్లో పడ్డ గుయ్ ఎక్కడికీ పోదు అని. నిన్నటి ఫోటోలో కళ్ళు మూసుకుంటే ఇవాళ తెరవగలమా?

"పెట్టరా" అంది.

పెట్టాను, చివరి రెండు నిమిషాలు.

గుయ్ లేదు.

మొదట స్పీకర్ పోయిందనుకున్నాను. అంతలో హార్మోనియం మూత పెట్టిన చప్పుడు. వీధిలో ఎవరిదో బండి వెళ్ళిన చప్పుడు. ఆ తర్వాత బావ గొంతు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు.

"ఒసే రత్నం, రేపు శామేలు వస్తానన్నాడు. ఆడి దగ్గర ఈ గుయ్యి ఊసెత్తకు. ఆడు హింజి మార్సిన కాణ్ణించే వస్తన్నాదిది. ఆడికీ తెలుసు, అందుకే తప్పించుకు తిరుగుతన్నాడు. నువ్వడిగితే సిన్నబుచ్చుకుంటాడు. రెండు స్క్రూలు కూడా సాప మీద పారీసి ఎలిపోనాడు, కంగారు ఎదవ. హార్మోనియం పెట్టెలో కాగితంలో సుట్టి ఎట్టాను. ఎప్పుడో ఆడికే సూపించి నవ్వుదుం. ఇన్నావేటే?"

దూరంగా అక్క, "ఆఁ, సరే."

అంతటితో ఫైలు అయిపోయింది.

తల ఎత్తలేకపోయాను. దెయ్యం భయం కాదది, సిగ్గు. గంట క్రితమే కదా వైర్లు వాటంతటవే జారాయన్నాను.

అక్క లేచి వెళ్ళి హార్మోనియం పెట్టె తెరిచింది. ఆయన పోయాక అది తెరవలేదు. తాళంచెవి ఆమె కొంగునే ఉంది. పాటల కాగితాల అడుగున, నోటుబుక్కు కాగితంలో చిన్న పొట్లం. అందులో రెండు నల్ల స్క్రూలు. ఆ మెషిన్‌వే. ఖాళీగా ఉన్న రంధ్రంలో ఒకటి పెట్టి చూశాను, సరిగ్గా కూర్చుంది. పొట్లం మీద బావ రాత, ఎర్ర సిరాతో, పిల్లల పేపర్లు దిద్దే రాత: "శామ్యూలువి."

నేను బావురుమన్నాను. నలభై మూడేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కాసేపయ్యాక మళ్ళీ పెట్టాను. నిజమో కాదో తేల్చుకోవాలిగా. గుయ్. మొదటి నుంచి చివరిదాకా, ఎప్పుడూ ఉన్నట్టే. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ గుయ్. నా ఫోన్‌లో ఉన్న కాపీలో గుయ్. రికార్డింగ్ కత్తిరించడం బావకి రాదు కాబట్టి ఆ చివరి మాటలతో సహా ఆరుగురి కార్డుల్లోకీ వెళ్ళింది. ఆ సాయంత్రమే రూతమ్మగారి ఇంటికి వెళ్ళి ఆమె రేడియోలో విన్నాను. అందులోనూ గుయ్యే.

నా చెవులే నన్ను మోసం చేశాయేమో అనుకున్నాను. మనసులో నేరం ఉంది కాబట్టి అలా వినిపించిందేమో. అందుకే నేను విన్నది చెప్పకుండా, నువ్వేం విన్నావక్కా అని అడిగాను. అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పింది, "కంగారు ఎదవ"తో సహా. పోనీ ఇద్దరమూ కలిసి భ్రమపడ్డాం అనుకుందాం. స్క్రూల సంగతో? అవి పెట్టెలో ఉన్నాయని ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. సగానికి పైగా ల్యాప్‌టాప్‌లు ఒకటి రెండు స్క్రూలు లేకుండానే నా దగ్గరికి వస్తాయి, అందుకే మొదట నేను పట్టించుకోలేదు కూడా.

ఎన్నోసార్లు ఆలోచించాను. యాంటెన్నా, మైకు, కార్డు, ఫైలు, అన్నీ నాకు అరచేతిలా తెలిసిన వస్తువులు. వాటిలో ఏ ఒక్కటీ ఇలా చెయ్యలేదు. అది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఇప్పుడు కెజియా శనివారం శనివారం ఇంటికొచ్చి పాడుతోంది. కార్డులు నేనే తీసుకెళ్ళి ఇస్తున్నాను. ఆరుగురిలో నలుగురే మిగిలారు. పాట మధ్యలో ఆగడం లేదేంటని రూతమ్మగారు అడిగింది. బాగు చేశానమ్మా అన్నాను.

ఒక్కటి చెప్పడం మరిచాను. ఆ మధ్యాహ్నం నేను ఏడుస్తుంటే అక్క నన్ను ఓదార్చలేదు. ముందు ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళింది. నల్లగా ఉన్న తెర ముందు వంగి, ఈసారి మాట పూర్తిగా విన్న మనిషిలా, మెల్లగా అంది.

"సరేనండీ. ఆడి దగ్గర ఊసెత్తను."

కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగి, "సేతులు కడుక్కో, అన్నం తిందుం" అంది. ఆ రోజు ఆమె కడుపునిండా తింది. గుయ్ గురించి గానీ, హింజ్ గురించి గానీ, ఆడిన అబద్ధం గురించి గానీ నన్ను ఇప్పటివరకూ ఒక్క మాట అడగలేదు.