చెరువులో చేపలు, సీపీయూలో ర్యాములు

నేను చేసిన ఒక ఘనకార్యం వల్ల మా అక్క ఉద్యోగం కొల్లేట్లో కలిసిపోయేది. ఆ భాగోతం చెబుతాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో ఎవరూ పడలేదు.

మాది ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద బతికే కుటుంబం. నాలుగేళ్ల కిందటి మాట. తన పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక అక్క పట్టుబట్టి బీఈడీ పూర్తిచేసింది. అప్పటికే మూడు చోట్ల కాదనిపించుకుంది. తాడేపల్లిగూడెంలో ఒక స్కూలువాళ్లు సైన్సు టీచరు పోస్టుకి ఆన్‌లైన్‌లో డెమో క్లాసు చెప్పమన్నారు. ఇది కూడా పోతే ఇక జన్మలో అప్లై చెయ్యనని ఇంట్లో అందరికీ చెప్పేసింది.

మా కంప్యూటరేమో వీడియో కాల్ అంటే చాలు ఆయాసపడేది. అక్కని గట్టెక్కించే భారం నా మీదేసుకుని, ముందురోజు ఏలూరు వెళ్లి ఇంకో ర్యాము కొన్నాను. షాపాయన మర్యాదస్తుడు. "ఏవండీ, మీ పాతదాని స్పీడు వేరండి. రెండూ కలిపితే పడకపోవచ్చు. జత తీసుకోండి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఒకే చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి పెంచే వంశం మాది. ఒకటి పైన తింటుంది, ఒకటి మధ్యలో, ఒకటి అడుగున. మూడు జాతుల చేపలు సర్దుకుంటుంటే రెండు ర్యాములు సర్దుకోవా? ఇదంతా ఆయనకి వివరంగా బోధించాను. ఆయన "మీ ఇష్టమండీ" అని ప్యాక్ చేసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం నేనే సీపీయూ మూత విప్పి దాన్ని బిగించేసరికి కంప్యూటరు లేడిపిల్లలా పరిగెత్తింది. నేను కాలరెగరేసుకుని ఇల్లంతా తిరిగాను.

మర్నాడు అక్క గంజి పెట్టిన చీర కట్టుకుని పాఠం మొదలుపెట్టింది. ఐదో నిమిషంలో తెర నీలంగా మారి కంప్యూటరు ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ నీలం. మూడోసారి ఆ మర్యాద కూడా లేదు, ఉత్త బీప్ శబ్దాలే. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చచ్చేంత సిగ్గేసింది, అయినా నోరు ఊరుకోలేదు. చేపలకి పడగా లేనిది వీటికెందుకు పడలేదో చెప్పమన్నాను.

అక్క కళ్లు తుడుచుకుంది. "ఒరేయ్, చేపలు దేని తిండి అది తింటాయి, అందుకే గొడవ లేదు. ఇవి రెండూ ఒకే పని కలిసి చెయ్యాలి. వల లాగడం చూళ్లేదూ నువ్వు? ఈ గట్టు మీదాయన గబగబా, ఆ గట్టు మీదాయన నింపాదిగా లాగితే ఏమవుద్ది?"

"వల వంకరపోయి చేపలు జారిపోతాయి."

"అదే మరి. ఇవాళ జారిపోయింది నా ఉద్యోగం."

"ఇంకా జారిపోలేదండి, మేడమ్" అంది టేబుల్ మీది ఫోను.

కంప్యూటరు మైకు మీద నమ్మకం లేక అక్క ఫోన్లో కూడా అదే కాల్‌లో చేరిందట. కంగారులో తనే మరిచిపోయింది. అవతల ప్రిన్సిపల్ గారు మొదటి నీలం తెర దగ్గర్నుంచీ మొత్తం విన్నారు.

"ఇలాంటి మొద్దు స్టూడెంటుకి కూడా విసుక్కోకుండా చెప్పారు. మా ఎనిమిదో తరగతికి మీరే కావాలండి. సోమవారం వచ్చెయ్యండి" అన్నారావిడ.

అక్క ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే, కాకపోతే నా నవ్వులో ఆ మొద్దు అన్న మాట కొంచెం గుచ్చుకుంది.

కనుక పాఠకులారా, కొల్లేటి నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా మళ్లీ సీపీయూ మూత విప్పను, జతకాని ర్యాము ముట్టను. ఈ ప్రమాణం తప్పితే నిలదీయడానికి ఒక ఎనిమిదో తరగతి మొత్తం సిద్ధంగా ఉంది. అక్క ఏటా వాళ్లకి ఈ పాఠం నా పేరుతో సహా చెబుతోంది.