తడవకూడని సెట్లు

1998 జూన్‌లో నన్ను విజయవాడ గవర్నర్‌పేటలోని మా శాఖ కార్యాలయానికి వైర్‌లెస్ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. కృష్ణ సముద్రంలో కలిసే చోట లోతులు కొలవడానికి మా పడవలు ఆరు నాగాయలంక రేవు నుంచి వెళ్లేవి. వాటి సరంగులకు, అంటే పడవ నడిపేవాళ్లకు, చేత్తో పట్టుకునే మెరైన్ రేడియో సెట్లు ఎంపిక చేయడం నా మొదటి పని.

వడపోత తర్వాత రెండు రకాలు మిగిలాయి. ఒకటి నీళ్లలో మునిగినా పనిచేసేది. దాని స్పీకరు మీద నీరు చొరకుండా సన్నటి పొర ఉంటుంది కాబట్టి మాట కాస్త మందంగా వినిపించేది. రెండోది నేల మీద వాడే సెట్టే, సముద్రపు ఛానెళ్లు మాత్రం చేర్చారు. మాట ఖంగుమనేది.

పరీక్ష మా ఆఫీసు మేడ మీద జరిగింది. ఒక్కో రకంలో ఒక సెట్టు జీపులో బెంజ్ సర్కిల్‌కు వెళ్లింది, ఇంకొకటి మా పెద్ద ఇంజనీరు గారి చేతిలో ఉంది. జన్మలో పడవ ఎక్కని నలుగురం కమిటీ. మా టెక్నీషియన్ ఖాదర్ గారు మాత్రం ఎవరూ చెప్పకుండానే బకెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టారు, ముంచి చూద్దామని.

“ఏంటండీ ఖాదర్ గారూ, కొత్త సెట్టుకి తలంటు పోస్తారా?” అన్నారు పెద్ద ఇంజనీరు గారు. అందరూ నవ్వారు. ఖాదర్ గారి ఆలోచన న్యాయమని తెలిసి కూడా నేనూ నవ్వాను. పోలిక పట్టికలో ‘మాట స్పష్టత’ అనే గడి ఉంది గానీ నీటికి గడి లేదు. ఖంగుమన్న సెట్టే గెలిచింది, నేను సంతకం పెట్టాను.

సెట్లతో పాటు ఒక సర్క్యులర్ వెళ్లింది. తడిసి చెడిపోతే ఖరీదు సరంగు జీతంలోంచి కోస్తామని. ఆ ముసాయిదా రాసింది నేనే.

సరంగులు తమకు తెలిసిన జాగ్రత్త తీసుకున్నారు. బీడీకట్ట, అగ్గిపెట్టె దాచుకున్నట్టే సెట్టును కూడా పాలిథిన్ కవరులో పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా బిగించేవారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం తనిఖీ కోసం నాగాయలంక బేస్ స్టేషన్‌లో కూర్చున్నాను. ఆపదలో పిలిచే పదహారో ఛానెల్‌లో ఉన్నట్టుండి డీజిల్ ఇంజిను చప్పుడు మొదలైంది, ఆగలేదు. ఏదో పడవలో సెట్టుకి మాట్లాడేటప్పుడు నొక్కే మీట నొక్కుకుపోయిందన్నమాట. మీట నొక్కి ఉన్నంతసేపు ఆ సెట్టు ఛానెల్‌ను వదలదు. దూరపు పడవ పిలిచినా ఆ పిలుపు పైకి రాదు. మీట నొక్కుకుపోయిన సెట్టులో మన మాట కూడా వినిపించదు, కాబట్టి ఆ సెట్టు ఉన్న సరంగుకు చెప్పే దారి లేదు. నలభై నిమిషాలు ఆ ఇంజినును తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ నలభై నిమిషాల్లోనే నాంచారయ్య అనే సరంగు పడవ నదీముఖం దగ్గర ఇంజిను ఆగిపోయి, ఆటులో, అంటే సముద్రం వెనక్కి లాగే నీటిలో, కొట్టుకుపోయి, అలల్లో బోల్తా పడింది. పడవలో పనిచేసే ఇద్దరు కళాసీలు ఈదుకుంటూ ఇసుకదిబ్బకు చేరారు. నాంచారయ్య శవం మర్నాడు దొరికింది.

“పిలుస్తానే ఉన్నాడండీ మా సరంగు. ఒక్కళ్లూ పలకలేదండీ,” అన్నాడు కళాసీల్లో పెద్దవాడు. నేను అతని మొహం చూడలేకపోయాను.

మీట నొక్కుకుపోయిన సెట్టు వెంకటేశ్వర్లు అనే మరో సరంగుది. ఖాదర్ గారు కవరు విప్పే ముందు, ట్యూబు ముక్క సరిగ్గా మీట మీదుగా చుట్టి ఉండటం నాకు చూపించారు.

విచారణకు సాంకేతిక నివేదిక నేను రాశాను. పరికరాన్ని నిబంధనలకు విరుద్ధంగా కవరులో చుట్టినందువల్ల మీట నొక్కుకుపోయిందని, ఛానెల్ స్తంభించిందని. అబద్ధం ఒక్క ముక్క లేదు. కవరు ఎందుకు చుట్టాల్సి వచ్చిందో మాత్రం రాయలేదు.

రెండు రోజుల తర్వాత వెంకటేశ్వర్లు గవర్నర్‌పేట వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నాంచారయ్య నాకు బావ వరసండీ. తప్పు నాదేనండీ, కాదనను. కానీ తడిస్తే జీతంలో కోస్తామని కాగితం పంపారు కదండీ. అందుకే చుట్టానండీ. ఆ ముక్క కూడా రాయండి బాబూ.”

నివేదిక పైకి వెళ్లిపోయిందని చెప్పాను. అది అప్పటికింకా నా టేబుల్ సొరుగులోనే ఉంది. సాయంత్రం అలాగే పంపించాను. అతని ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది.

పడవకు సెట్టు ఎంచుకునేవాళ్లు ముందు దాన్ని నీళ్లలో ముంచి చూడాలి, తడిచేత్తో పట్టుకునేవాణ్ణి అడగాలి. ఇది నాకు మేడ మీద నిలబడ్డ రోజునే తెలుసు. తెలిసిన మాట కాగితం మీద పెట్టని ఇంజనీరుకూ, ఏమీ తెలియని కమిటీకీ తేడా లేదని ఆ సొరుగు తెరిచిన సాయంత్రం తెలిసింది.