ఈశాన్యంలో మెట్లు

మా తోడికోడలు వెంకటరావమ్మకు లోకంలో అన్నీ భయాలే. బల్లి మీద పడితే భయం, పిల్లి ఎదురొస్తే భయం. వాస్తు అంటే మరీనూ. సిద్ధాంతి చెప్పాడని ఒకే ఏడాదిలో వంటగదిని అటూ ఇటూ మార్పించింది. "నీ పిరికితనం పాడుగాను అక్కా!" అని నేను తిట్టని రోజు లేదు. కానీ పొగ విషయంలో మాత్రం ఆవిడను ఏమీ అనలేను.

ఆవిడ భర్త, మా బావగారు పేరయ్య మిర్చి కోల్డ్ స్టోరేజీలో పోయారు. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, అంటుకున్నాయి. మిరపకాయ మండితే ఆ ఘాటుకు కళ్లు తెరవలేం, ఊపిరి పీల్చలేం. వెనక తలుపు ఉంది. దొంగలు పడతారని దానికి బయటినుంచి తాళం వేశారు. ఆయన ఆ తలుపు దగ్గరే దొరికారు. అప్పటికి వాళ్లబ్బాయి శ్రీకృష్ణ చంకలో పిల్లాడు.

ఆ పిల్లాడే పెద్దవాడై, ప్రత్తిపాడు రోడ్డులో ఉన్న వాళ్లమ్మ మిరపచేలను బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇప్పించాడు. పద్నాలుగు అంతస్తుల మేడ. సగం పైకి లేచాక ఫ్లాట్లు కొన్నవాళ్లకు తెలిసింది, రెండో మెట్లు ఈశాన్యంలో వచ్చాయని. ఇంకేముంది, కొంప మునిగినట్టు ఆదివారం కిందే కుర్చీలు వేసి మీటింగు పెట్టారు.

"ఈశాన్యంలో మెట్లా? పెద్దకొడుక్కి గండం! తీసేయాల్సిందే," అన్నారు సిద్ధాంతి రామమూర్తిగారు.

"నిప్పంటుకుంటే దిగడానికండీ అవి," అంది సైటు ఇంజినీరు వేదశ్రీ.

"నిప్పు ఎప్పుడంటుకుంటుందో ఏమో! దోషం ఇవాళే అంటుకుంటుందమ్మా," అన్నాడు ఫ్లాటు కొన్న రామకాంత్. బ్యాంకు ఆఫీసరు ఆయన. చదువుకున్నవాడే.

డిజైను మారాలంటే స్థలం ఇచ్చిన వెంకటరావమ్మ సంతకం కావాలి. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఉన్నది ఒక్కడే కొడుకు.

"నాకు గండమన్నా భయమేనండీ," అంది చివరికి. "పొగంటే అంతకన్నా భయం. మెట్లు ఉండాల్సిందే. నేను సంతకం పెట్టను."

నా తల్లే, అనుకున్నాను.

రామకాంత్ ఊరుకుంటేగా! "సరే, మెట్లు ఉంచుదాం. ప్రతి అంతస్తులో ఆ తలుపుకు తాళం వేద్దాం. నడక లేకపోతే దోషం లేదుగా సిద్ధాంతిగారూ?"

సిద్ధాంతిగారు ఆలోచించి, తాళానికి ఒక నిమ్మకాయ కూడా కట్టమన్నారు. ప్లాను మారదు, సంతకం అక్కర్లేదు. వేదశ్రీ అలా తాళం వేయకూడదని మొత్తుకుంటూనే ఉంది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని నేనూ అరిచాను. వినేదెవరు? చేతులన్నీ లేచాయి.

వాటిలో శ్రీకృష్ణ చెయ్యి కూడా ఉంది.

"ఏరా, నువ్వు కూడానా?" అంది వాళ్లమ్మ.

"గండం నాకేగా అమ్మా! నాకూ భయమేస్తోంది."

వాడికి ఉగ్గుపాలతో ఆ భయం పోసింది ఆవిడే మరి. వాణ్ణి తిట్టాలో, ఆవిడను తిట్టాలో నాకూ తెలియలేదు.

ఆవిడే మళ్లీ అడిగింది.

"తాళం ఏ వైపు వేస్తార్రా?"

"మెట్ల వైపేనమ్మా. లోపలినుంచి పిల్లలెవరూ తీయకుండా."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ నాన్న కూడా తలుపుదాకా వచ్చాడురా," అంది.