సామేలు దున్నపోతు

ఇన్నేళ్లుగా దీన్ని మోస్తూనే ఉన్నాను. బరువు తగ్గలేదు, అలవాటూ కాలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ వేరే సంగతి మాట్లాడాను.

పంతొమ్మిది వందల అరవైల్లో మాట. పశువైద్యం చదివి, బర్రెల్లో కృత్రిమ గర్భధారణ మీద పరిశోధన చేస్తున్నాను. నిజామాబాద్‌లో మా దగ్గర ఒక ముర్రా జాతి దున్న ఉండేది. దాని వీర్యాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి రెంజల్ వైపు ఊళ్లకు పోయేవాణ్ణి. జనం దాన్ని సూది అనేవారు. మొదట నవ్వారు, తర్వాత నమ్మారు. ఆ నమ్మకం కోసం నేను పడ్డ కష్టం మాత్రం నిజమే. ఇప్పుడు ఇది చెప్పుకోవడం దేనికి? తెలియదు.

అక్కడొక ఊళ్లో సామేలు ఉండేవాడు. మెథడిస్టు క్రైస్తవుడు. కాస్త వరి పొలం, ఒక పాడి బర్రె, ఒక దున్నపోతు. ఊళ్లో బర్రెలు ఎదకొస్తే అతని దగ్గరికే తోలుకొచ్చేవారు, పంటలప్పుడు ఇంత ధాన్యం పెట్టేవారు. నేను వచ్చాక చాలామంది నా సూదికి మళ్లారు. అయినా అతను నన్ను ఒక్క మాట అనలేదు.

ఒక ఏడాది ఆ ఊళ్లో చూడి బర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోవడం, కడుపులు పోవడం మొదలైంది. ఎక్కువగా నేను సూది వేసినవే. మా దున్న రక్తం పరీక్ష చేయించాను. రోగం ఉంది. మొదట్లోనే చేయించాల్సిన పరీక్ష, పని మొదలుపెట్టే తొందరలో వదిలేశాను. సామేలు దున్న రక్తం కూడా తీశాను. అందులో ఏమీ లేదు.

ఊరివాళ్లు చావడి దగ్గర నన్ను నిలబెట్టి, ఎందుకిట్లయిందని అడిగారు. నిజం చెబితే పరిశోధన అక్కడితో సరి. ఉద్యోగం రాదు. ఇంకే ఊళ్లోనూ నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. ఇవన్నీ ఆ క్షణంలోనే ఆలోచించానా, లేక తర్వాత నాకు నేను చెప్పుకున్న సాకులా? రోగం సామేలు దున్నదని, మందలో దాని నుంచే అన్నిటికీ అంటుకుందని చెప్పాను.

అతను దున్నను కటికవాళ్లకు అమ్మేశాడు. ఆ ఇంటి పాలు కొనడం మానేశారు, అతని బర్రెను మందలోకి రానివ్వలేదు. చివరికి భార్య రూతమ్మను తీసుకుని చెరుకు కొట్టే కూలికి బోధన్ వెళ్లిపోయాడు. మా దున్నకు కాలు బాగాలేదని చెప్పి నేను దాన్ని తీసేయించాను.

నాకు డాక్టరేటు వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగమూ వచ్చింది. ఊరి దున్నలతో రోగాలు ఎలా పాకుతాయో చెప్పడానికి ఏటా ఆ ఊరి కథే చెప్పేవాణ్ణి. మానేద్దామంటే, ఎందుకు మానేశారని అడుగుతారేమోనని భయం. పిల్లలు పరీక్షలో నా అబద్ధాన్నే నాకు తిరిగి రాసిచ్చేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి. అది తప్పని ఎలా కొట్టెయ్యను?

డెబ్బైల్లో ఒకసారి బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్ల వరుస పక్కనుంచి నడుస్తుంటే ఎవరో పిలిచారు.

"సారూ, గుర్తువట్టిండ్రా? నేను, సామేలును."

బాగున్నావా అన్నాను.

"ఉన్న సారూ. ఒక్కటి అడుగుత. నా దున్నకు గా రోగమున్నదని నాకు తెల్వకపాయె. తెలిస్తె మంది బర్రెల మీదికి ఇడుస్తనా? ఊరోళ్ల ఉసురు వోసుకున్ననని ప్రార్థనల కూసుంటే ఏడుపొస్తది. దేవుడు మాఫ్ చేస్తడంటరా?"

"తెలియక జరిగింది, నీ తప్పేముంది" అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "సదువుకున్నోళ్లు మీరు గా మాటన్నరు. గంతే సాలు సారూ."

ముందు బండి కదిలింది. ఎడ్లను అదిలిస్తూ వెళ్లిపోయాడు.

నేను అతన్ని క్షమించాను! ఇంతకంటే నీచం ఇంకేముంటుంది?

తర్వాతి చెరుకు కోతలప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. సామేలు జ్వరంతో పోయాడన్నారు. రూతమ్మ కందకుర్తిలో అన్న దగ్గర ఉంటోందన్నారు. ఆ బస్సు ఎక్కాను కూడా. ఊరు వచ్చింది. దిగలేకపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. రోగం మా దున్నది. సామేలు దున్నకు ఏ జబ్బూ లేదు. చావడి దగ్గర నోరు తెరిచినప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. ఇంత చిన్న మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, ఊపిరి కాస్త ఆడుతోంది.