గ్రహణం విడిచాక చేపతొట్టి

మా నాయనది చెయ్యి ముందు, మాట వెనక. గుళ్ళో పారాయణం చేసే ఆ గొంతు ఎంత మెత్తనో, ఇంట్లో ఆ అరచెయ్యి అంత గట్టి. అన్నంలో రాయి తగిలితే అమ్మకు పడేది, వాకిట్లో చెప్పులు అడ్డమొస్తే నాకు. ఇరవయ్యారేళ్ళొచ్చి, తిరుపతిలోనే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాక కూడా నా చెంపకు సెలవు దొరకలేదు.

అలాంటి ఇంట్లో నేను సముద్రపు చేపను పెంచాను. మద్రాసులో కొన్నాను. వేలెడంత, లేత నీలం. ఎవరి జోలికీ పోదు. పగడపు కొమ్మల సందులో దాక్కుని, నేను దగ్గరికెళితే మాత్రం బయటికొచ్చి చూసేది. మామూలు నీళ్ళలో బతకదు. అందుకని నెలకోసారి తడ దాకా పోయి, అక్కణ్ణించి సముద్రపు ఒడ్డు చేరి, రెండు క్యాన్ల నీళ్ళు బస్సులో మోసుకొచ్చేవాణ్ణి. కండక్టరు మూత తీసి వాసన చూసి, "కల్లనుకుంటినే అబ్బా" అని నవ్వేవాడు. మా ఇంట్లో అరవని ప్రాణి అదొక్కటే. దాని మీద నాకు ప్రాణం.

"వైష్ణవుల ఇంట్లో చేపేందిరా" అని నాయన మొదటిరోజే తొట్టిని తన్నబోయాడు. మత్స్యావతారాన్ని అడ్డమేసుకున్నాను. పళ్ళు కొరికి వదిలేశాడు.

ఒక ఏడు సూర్యగ్రహణం వచ్చింది. పట్టుకు ముందే ఊరగాయ జాడీ మీదా, నీళ్ళ బిందెలోనూ దర్భపోచ వెయ్యడం మా ఇళ్ళల్లో ఆచారం. పోచ వెయ్యని నీళ్ళు గ్రహణం విడవగానే పారబోయాలి.

"రేయ్, నీ తొట్టిలోనూ ఒక పోచ ఎయ్‌రా" అన్నాడు నాయన. మెత్తగానే అడిగాడు.

"సముద్రానికి మైలేంది? నేనెయ్యను" అన్నాను. గడ్డిపోచే కదా, వేస్తే పోయేది. చెప్పింది ఆయన కాబట్టి వెయ్యలేదు.

విడుపు స్నానం చేసి పెరట్లోంచి వచ్చేసరికి తొట్టిలో నీళ్ళన్నీ కాలవలో పోతున్నాయి. నాయన తడిపంచెతో నిలబడి బావినీళ్ళు పోస్తున్నాడు.

"శుద్ధి అయిపోయినాది. నీ చేపకేం కాలేదు, సూడు" అన్నాడు.

చేప పక్కకు ఒరిగి గిలగిలా కొట్టుకుంటోంది.

బిందె లాక్కుని ఆయన భుజం మీద కొట్టాను. పడ్డాడు. పిలక పట్టి లేపి చెంప మీద కొట్టాను. రెండో చెంప మీదా కొట్టాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది. "సంపేస్తా" అని అరుస్తున్నాను, నిజంగానే అంటున్నాను. ఆపలేక కాదు, ఆపాలనిపించలేదు. చెప్పుకోవడానికి సిగ్గే కానీ, హాయిగా ఉండింది.

అమ్మ మమ్మల్ని విడిపించలేదు. చేపలబుట్ట ఎదురైతే వీధి మారే మనిషి, మడిచీరతోనే తొట్టిలో చెయ్యిపెట్టి చేపను దోసిట్లోకి తీసింది. క్యాను అడుగున మిగిలిన సముద్రపు నీళ్ళు గిన్నెలోకి వంచి, అందులో వదిలింది.

"మీరు కొట్టుకు సావండి. ఇదేం పాపం చేసినాది?" అంది.

మర్నాడు తెల్లారగానే తడకు పోయి నీళ్ళు తెచ్చాను. చేప ఇంకో ఏడాది పైనే బతికింది. పెదవి సంగతి గుళ్ళో అడిగితే మెట్ల మీద జారిపడ్డానన్నాడట నాయన. ఆ తర్వాత అమ్మ మీదా, నా మీదా మళ్ళీ చెయ్యెత్తలేదు. అందుకు నేను సంతోషించాలి. కానీ దండెం మీది తువ్వాలు కోసం నేను చెయ్యి చాస్తే చాలు, పక్కన కూర్చున్న మా నాయన ఉలిక్కిపడి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.